మెక్‌డూగల్ వీధిలో మాయ

న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో మెక్‌డూగల్ స్ట్రీట్ అనగానే చాలామందికి తిండే గుర్తొస్తుంది. ఫలాఫెల్ కొట్లు, పిజ్జా కొట్లు, 1927 నుంచి నడుస్తున్న కఫే రెజియో. జెర్సీ సిటీలో పాత్ రైలెక్కి నైన్త్ స్ట్రీట్‌లో దిగితే అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. పిల్లల్ని వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో ఫౌంటెన్ దగ్గర కాసేపు ఆడించి, ఆకలి వేయగానే అందరం ఈ వీధిలోకే తిరుగుతాం. ఆ తొందరలో 133 నంబరు భవనాన్ని ఎవరూ పట్టించుకోరు. అది ప్రొవిన్స్‌టౌన్ ప్లేహౌస్. ఇప్పుడు ఎన్‌వైయూ చేతిలో ఉంది. చుట్టూ ఉన్న పాత భవనాన్ని పడగొట్టి 2010 నాటికి లా స్కూలు కోసం కొత్తది కట్టారు. మధ్యలో నాటకశాల ఒదిగి నిలబడింది. నాటకాలవాళ్లకి యూజీన్ ఓనీల్ వల్ల ఈ చోటు తెలుసు. నేను వెళ్లింది ఇంకొకావిడ కోసం.

1946 ఫిబ్రవరి 18 సాయంత్రం మాయా డెరెన్ అనే 28 ఏళ్ల అమ్మాయి ఈ హాలు అద్దెకి తీసుకుని, తను తీసిన మూడు చిన్న సినిమాలు వేసింది. నిర్మాత లేడు, పంపిణీదారుడు లేడు. పిలుపులు తనే పంపుకుంది. ఆ సాయంత్రానికి ఆవిడ పెట్టిన పేరు 'వదిలేసిన మూడు సినిమాలు'. కవిత ఎన్నడూ పూర్తి కాదని, ఎక్కడో ఒకచోట దాన్ని వదిలేయడమే ఉంటుందని ఫ్రెంచి కవి పాల్ వలేరీ అన్న మాట నుంచి ఆ పేరు పుట్టింది. మనమైతే ఏం చేస్తాం? "ఏదో తీశానండీ, అంత బాగా రాలేదు" అని నసుగుతూ మొదలుపెడతాం. ఆవిడ ఆ 'పూర్తి కాకపోవడాన్నే' గుమ్మం మీద బోర్డుగా కట్టింది. అయినా జనం వచ్చారు. హాలు నిండిపోయి కొందరు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

చూసినవాళ్లలో వియన్నా నుంచి వలస వచ్చిన ఏమస్ వోగెల్ ఒకడు. ఇలా కూడా సినిమా చూపించవచ్చా అనుకుని, మర్నాటి ఏడాది భార్య మార్షాతో కలిసి ఇదే ప్లేహౌస్‌లో 'సినిమా 16' అనే ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. తర్వాత దానికి వేలమంది సభ్యులయ్యారు. చెప్పేదేమిటంటే, ఆవిడ ఇంకో రెండేళ్లు ఆగి, ఇంకాస్త మెరుగుపెట్టి చూపిద్దామనుకుని ఉంటే ఆ సాయంత్రం లేదు.

అసలు ఆవిడ పేరు మాయ కాదు. 1917లో కీవ్‌లో పుట్టినప్పుడు ఎలియనోరా. చిన్నప్పుడే కుటుంబం అమెరికా వచ్చేసింది. మాయ అన్న పేరు 1943లో భర్త అలెగ్జాండర్ హమీద్ పెట్టాడు. ఆ మాటకి అర్థం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, 'మాయాబజార్' చూసి పెరిగినవాళ్లం. ఆ ఏడే తండ్రి పోతే, ఆయన వదిలిన డబ్బులో కొంత పెట్టి ఒక సెకండ్‌హ్యాండ్ 16 ఎంఎం బోలెక్స్ కెమెరా కొంది. లాస్ ఏంజెలస్‌లో అద్దెకున్న ఇంట్లోనే మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి 'మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్' తీశారు. ఖర్చు మూడు వందల డాలర్ల లోపే. నటి ఆవిడే. 14 నిమిషాల సినిమా. అందులో ఉన్న సామానంతా మన ఇంట్లో ఉండేదే: తాళంచెవి, కత్తి, బ్రెడ్డు, టెలిఫోను, మేడమెట్లు, పడక్కుర్చీ. మధ్యాహ్నం పూట ఒంటరిగా ఇంట్లో కునుకు తీసిన ఆడమనిషికి ఆ సామానే పీడకలై తిరుగుతుంది. అమెరికా వచ్చిన కొత్తలో, హెచ్4 మీద, మంచు కురిసే మధ్యాహ్నాలు ఒక్కదాన్నే గడిపిన వాళ్లెవరైనా ఈ సినిమా చూస్తే వ్యాఖ్యానం అడగరు. మూకీగా తీసి మూకీగానే చూపించారు. ఇప్పుడు మనం వినే సంగీతం 1959లో తేజీ ఇతో చేర్చినది. అంటే సౌండ్ లేదని పదహారేళ్లు పెట్టెలో దాచలేదన్నమాట. 1990లో అమెరికా ప్రభుత్వం దాన్ని నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చింది. హాలీవుడ్ లిప్‌స్టిక్ మీద పెట్టే ఖర్చుతో నా సినిమాలు తీస్తానని ఆవిడ అనేదట. గొప్ప నోరు!

ప్లేహౌస్ నుంచి పడమరకి, సిక్స్త్ అవెన్యూ దాటి, బ్లీకర్ స్ట్రీట్ మీదుగా నడిస్తే మోర్టన్ స్ట్రీట్ వస్తుంది. చెట్ల నీడలో, మధ్యలో కాస్త వంపు తిరిగి ఉండే వీధి. 61 నంబరు ఇంట్లో ఆవిడ చాలా ఏళ్లు ఉంది. ఎవరో ఉంటున్న ఇల్లు కాబట్టి బయటి నుంచే చూసి కదలాలి. తన సినిమాలు అద్దెకిస్తామని కాలేజీలకి, మ్యూజియాలకి ఉత్తరాలు రాసుకుని, రీళ్లు పంపుకుని, తనే వెళ్లి ఉపన్యాసాలు చెప్పేది. పెద్ద కెమెరాలు లేవని, పెద్ద బృందం లేదని అమెచ్యూర్లు కుంగిపోవద్దని వ్యాసం రాసింది. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని స్వేచ్ఛే వాళ్ల ఆస్తి అన్నది ఆవిడ వాదం.

నాతో నడిచిన స్నేహితురాలు ఎడిసన్‌లో ఉంటుంది. 2019లో వాళ్లమ్మగారు తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చినప్పుడు, వెనక డెక్ మీద వడియాలు పెడుతుంటే ఫోనుతో, ఆ తర్వాత అరువు తెచ్చిన కెమెరాతో తీసింది. పదకొండు నిమిషాలకి కుదించింది. నేను చూశాను. గుమ్మడికాయ తరుగుతూ ఆవిడ తన పెళ్లినాటి సంగతి చెప్పే చోట చెయ్యి ఆగిపోతుంది, మాట ఆగదు. అక్కడ నాకు గొంతు పట్టేసింది. కానీ వెనకాల డిష్‌వాషర్ మోత వినిపిస్తుందని ఆ సినిమా ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. సౌండ్ సరిచేయడం నేర్చుకుంటోంది, కలర్ సరిచేయడం నేర్చుకుంటోంది, ఫైలు పేర్లో 'ఫైనల్' అన్న మాట నాలుగుసార్లు వచ్చేసింది. ఈలోగా వాళ్లమ్మగారికి 78 వచ్చాయి. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ సినిమా ఏమైందే?" అని అడుగుతారట.

మనవాళ్లు దీన్ని శ్రద్ధ అంటారు. కొంత శ్రద్ధే. మిగతాది 'వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది' అంటారేమోనన్న భయమని నా అనుమానం. ఇంట్లో చేసే పనులకి ఈ భయం లేదు. ముగ్గు వంకర పోయిందని వాకిలి చీపురుతో చెరిపేసి లోపల కూర్చున్న ఇల్లాలిని నేను చూడలేదు. సినిమా, కథ, పాట అనేసరికి మాత్రం పరీక్ష హాలు గుర్తొస్తుంది.

అలాగని డెరెన్‌ని దేవతని చేయనక్కర్లేదు. వదిలేయడం ఎలాగో ప్రపంచానికి చూపించిన మనిషి కూడా ఒక పని దగ్గర ఆగిపోయింది. 1946లోనే గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది, సృజనాత్మక సినిమాకి ఆ ఫెలోషిప్ ఇవ్వడం అదే మొదలు. ఆ డబ్బుతో హైతీ వెళ్లి అక్కడి వోడూ పూజల్నీ నృత్యాల్నీ చిత్రించింది. 18,000 అడుగుల ఫిల్మ్, అంటే సుమారు ఎనిమిది గంటలు. తను చూసినదాన్ని కత్తిరించి తన కళగా మార్చే హక్కు తనకుందా అన్న సందేహం పట్టుకుంది. 1953లో ఆ అనుభవం మీద పెద్ద పుస్తకమైతే రాసింది గాని సినిమా కూర్చలేదు. 1961లో 44 ఏళ్లకే పోయింది. చాలా ఏళ్ల తర్వాత తేజీ ఇతో, ఆయన భార్య షెరెల్ ఆ రీళ్లను కూర్చి ఒక డాక్యుమెంటరీ చేశారు. అది ఆవిడ చేసే సినిమా అయ్యుండేది కాదు. ఆ సందేహం మర్యాదైనదే, డిష్‌వాషర్ మోతతో పోల్చదగింది కాదు. కానీ రీళ్లు పెట్టెలో ఉండిపోవడం మాత్రం రెండింటికీ ఒకటే.

ఈ ఊళ్లో మన తెలుగావిడ ఉదాహరణ కూడా ఉంది. న్యూయార్క్‌లో గుండె డాక్టరుగా పనిచేస్తున్న ప్రవీణ పరుచూరి, విశాఖ కంచరపాలెం మనుషులతోనే, ఎక్కువమంది ఎన్నడూ కెమెరా ముందు నిలబడనివాళ్లతో, వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'కి నిర్మాత అయ్యారు. అందులో సలీమా వేషం ఆవిడే వేశారు. 2018లో అది న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికై, తర్వాతే థియేటర్లకి వచ్చింది. 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు'తో ఆవిడే దర్శకురాలయ్యారు. ఫిల్మ్ స్కూలు అయ్యాక చూద్దాం అనుకుని కూర్చుంటే ఇవేవీ ఉండవు.

కాళ్లలో ఓపిక ఉంటే తూర్పుకి నడిచి సెకండ్ అవెన్యూలో ఆంథాలజీ ఫిల్మ్ ఆర్కైవ్స్‌కి వెళ్లండి. ఒకప్పటి కోర్టు భవనం, ఎర్ర ఇటుక. లోపల రెండు హాళ్లు, చిన్నదాని పేరు మాయా డెరెన్ థియేటర్. ఏ రోజు ఏం వేస్తారో ముందే చూసుకుని వెళ్లడం మంచిది. పెద్ద మల్టీప్లెక్స్ సౌకర్యాలు ఆశించకండి, పాప్‌కార్న్ కోసమైతే అసలు వెళ్లకండి.

మా స్నేహితురాలు ఆ మర్నాడు వాళ్ల ఊరి లైబ్రరీలో మీటింగ్ రూమ్ ఒక శనివారానికి బుక్ చేసింది. తేదీ పడ్డాక మార్చడానికి ఉన్న టైము రెండు వారాలే. సౌండ్ అలాగే ఉంది. ముందు వాళ్లమ్మగారికి వాట్సాప్‌లో లింకు పంపింది. తెనాలిలో తెల్లవారుజామున రెండుసార్లు చూసి ఫోన్ చేశారట. డిష్‌వాషర్ ఊసే లేదు.

"ఆ వెలిసిపోయిన నేత చీరలో తీశావేమే? చెబితే మంచి చీర కట్టుకునేదాన్ని కదా. మళ్లీ తీద్దాం, టిక్కెట్టు కొను."