గుల్‌మార్గ్ మంచులో మళ్ళీ

శ్రీనగర్ నుండి గుల్‌మార్గ్ దాదాపు యాభై కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ వరకు దారి చదునుగానే సాగుతుంది. ఆపైన దేవదారు వృక్షాల నడుమ పదమూడు కిలోమీటర్ల ఎక్కుడు. శీతాకాలంలో చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టనిదే వాహనాలు పైకి సాగవు. పదహారవ శతాబ్దంలో సుల్తాన్ యూసుఫ్ షా చక్ ఈ మైదానానికి ‘పూల మైదానం’ అనే అర్థమిచ్చే ఈ పేరు పెట్టాడని చెబుతారు. అయితే మా అన్నదమ్ములిద్దరికీ గుల్‌మార్గ్ అంటే పూలు కావు, మంచు. తమ్ముడు శ్రీనగర్‌లో చదువుకున్న నాలుగేళ్ళలో స్కీయింగ్ నేర్చుకున్నాడు. సెలవుల్లో గుంటూరు నుండి వెళ్ళిన పెద్దవాడికి అతడే నేర్పాడు. సముద్రపు గాలికి, మిరపకాయల ఘాటుకు అలవాటుపడిన వాళ్ళకు ఈ పిచ్చి ఏమిటని బంధువులు నవ్వేవారు.

2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిలో స్కీయింగ్ నిన్న మొన్నటిది కాదు. బ్రిటిష్ అధికారులు 1927లోనే ఇక్కడ స్కీ క్లబ్బు పెట్టారు. 1998లో కేబుల్ కారు మొదటి దశ కొంగ్‌డూరి వరకు, 2005లో రెండవ దశ అఫర్వట్ కొండ భుజం దాకా వచ్చాయి. రెండవ దశ చివర దిగితే 3,900 మీటర్ల పైచిలుకు ఎత్తు; ఆకాశం నిర్మలంగా ఉంటే దూరాన నంగా పర్బత్ కనిపిస్తుంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారతదేశం నుండి వెళ్ళిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ తంగ్‌మార్గ్ ప్రాంతపు బిడ్డే. ఈ వాలులలో పెరిగిన పిల్లలు అతని పేరును తమ ఇంటి మనిషి పేరులా పలుకుతారు.

2023 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, ఎండ తగ్గి మంచు గాజులా గట్టిపడిన వేళ, తమ్ముడు పడ్డాడు. పడినప్పుడు స్కీ పలక బూటు నుండి విడిపోవాలి, విడిపోలేదు. పాదం పలకతో పాటు ఒకవైపు, శరీరం మరొకవైపు తిరిగాయి. స్కీ బూటు చీలమండను కదలనివ్వదు కనుక ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. కొయ్య స్లెడ్జి మీద పడుకోబెట్టి ఇద్దరు కశ్మీరీ సోదరులు కిందికి లాక్కొచ్చారు. మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి ఉంచే ముందరి బంధనం పూర్తిగా తెగిపోయింది. గుంటూరు చేరాక శస్త్రచికిత్స జరిగింది. తొడ వెనుక స్నాయువు నుండి కొంత తీసి కొత్త బంధనంగా అమర్చారు.

అసలు కష్టం ఆ తరువాతే మొదలైంది. అమర్చిన బంధనం తొలి నెలల్లో బలపడదు సరికదా, రక్తప్రసరణ కుదురుకునే లోపు మరింత బలహీనపడుతుంది. నొప్పి తగ్గింది కదా అని పరుగెత్తిన వాళ్ళకు అది మళ్ళీ తెగుతుంది. ఇలాంటి ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలని, ఒంటికాలి గెంతులో గాయపడిన కాలు రెండవ కాలితో ఇంచుమించు సమానం కావాలని వైద్యులు చెప్పారు. తొడ కండరం వారాలలోనే చిక్కిపోయింది. ఇరవై నాలుగేళ్ళ వాడు మసీదులో వృద్ధుల సరసన కుర్చీలో కూర్చుని, సైగతో రుకూ, సజ్దాలు చేయడం చూసి అమ్మీ తల తిప్పుకునేది.

మళ్ళీ వెళ్తానన్న మాట ఇంట్లో పెద్ద చర్చే లేపింది. శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్, దానిని చేజేతులా ఆపదలో పడవేయరాదని చిచ్చా అన్నారు. కాదనలేము. అయితే మహాప్రవక్త (స) గుర్రపుస్వారీని, విలువిద్యను ప్రోత్సహించారు. తమ సతీమణి ఆయిషా (ర)తో స్వయంగా పరుగుపందెం వేశారు. బలాన్ని వాడకుండా భద్రపరచడమే కృతజ్ఞత అని మేము అనుకోలేదు. చివరకు అమ్మీ ఒక షరతు పెట్టింది: “కుర్చీ లేకుండా, అత్తహియ్యాత్‌లో పాదం మడిచి కూర్చో. ఆ రోజు వెళ్ళు.” వైద్యుల పరీక్షల కన్నా ఇదే కఠినమైనదని మాకు త్వరలోనే అర్థమైంది. మోకాలు నిటారుగా సాగడం ముందుగా వస్తుంది, మెట్లు ఎక్కడం ఆ తరువాత. మడమల మీద కూర్చునేంత మడత అన్నిటి కన్నా ఆలస్యంగా వస్తుంది. ఫజ్ర్ తరువాత గోడ వద్ద జారే వ్యాయామం, రాత్రి మెత్త మీద కూర్చునే సాధన. ఎన్నో నెలల పాటు అతని మడమకు, కూర్చునే చోటుకు మధ్య ఒక దిండు ఉండేది. దిండు క్రమంగా పలచబడింది.

2024 జనవరిలో గుల్‌మార్గ్‌లో మంచే పడలేదు. గోధుమరంగు గడ్డి మీద ఖాళీగా వేలాడే కేబుల్ కార్ల చిత్రాలు పత్రికలలో వచ్చాయి. నెలాఖరుకు గానీ మంచు రాలేదు. తమ్ముడి మోకాలూ అప్పటికి సిద్ధం కాలేదు. ఆ సంవత్సరం రమజాను తరావీహ్‌లో అతడు దిండు తీసివేశాడు.

2025 జనవరి తొలివారం, చిల్లై కలాన్ నడుస్తోంది. నలభై రోజుల ఆ గడ్డు చలిలో కశ్మీరీలు ఫెరన్ లోపల నిప్పుల కాంగ్డీ పెట్టుకుని తిరుగుతారు. శ్రీనగర్‌లో వుజూ చేసి తోలు మేజోళ్ళు తొడిగాము. ప్రయాణికులకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు వాటి మీద మసహ్ చేసే సౌలభ్యం ఎంత గొప్పదో గుల్‌మార్గ్ చలిలో తెలిసింది. ఇక్కడి మసీదులలో హమామ్ అనే గది ఉంటుంది; రాతి నేల కింద కట్టెలు మండించి వెచ్చబరుస్తారు. జుహ్ర్ తరువాత తమ్ముడు ఆ రాతి మీద కాళ్ళు చాచి కూర్చుంటే, పక్కనున్న ఒక పెద్దాయన తన మోకాళ్ళ కథ చెప్పసాగారు. మా దక్కనీలో ‘నక్కో’ విన్నప్పుడల్లా ఆయనకు నవ్వే.

పాత ఉస్తాద్ తమ్ముణ్ణి పైకి పోనివ్వలేదు. పిల్లలు నేర్చుకునే వాలు మీద, మూరెడు మూరెడు పిల్లల మధ్య నిలబెట్టారు. ఒక మలుపు ఎడమకు, ఆగాడు. గాయపడిన ఎడమకాలి మీద బరువు మోపి తిరగవలసిన మలుపు రాగానే మా గుండెలు గొంతులోకి వచ్చాయి. తిరిగాడు. కింద ఆగి, కళ్ళద్దాలు తీసి, “భాయ్‌జాన్, మోకాలు ఏమీ అనలేదు” అన్నాడు. ఏడేళ్ళ బాలుడొకడు అతణ్ణి దాటుకుంటూ రివ్వున వెళ్ళిపోయాడు.

మూడు రోజులు అదే వాలు. ఎండ వాలి మంచు గట్టిపడే ముందే ఉస్తాద్ పలకలు విప్పించేవారు. చివరి రోజు తమ్ముడు అఫర్వట్ వైపు చూసి, ఒక్కసారి కొంగ్‌డూరి వరకైనా వెళ్తానన్నాడు.

“వచ్చే చిల్లై కలాన్‌కు, ఇన్షా అల్లాహ్” అంటూ ఆయన ఉప్పుచాయ్ కప్పు అతని చేతికిచ్చారు.