గంటర్స్‌విల్ జలాశయము - ఒక చేప, నాలుగు ఋతువులు

మన గోదావరికిని కృష్ణకును ఆనకట్టలు కట్టి పొలములకు నీరు మళ్లించినట్లే, అమెరికాలో టెనెసీ నదికి వరదల నరికట్టుటకును, విద్యుచ్ఛక్తిని పుట్టించుటకును, పడవలు సాగుటకును పెక్కు ఆనకట్టలు కట్టిరి. అందు గంటర్స్‌విల్ ఆనకట్ట యొకటి. అలబామా రాష్ట్రమున 1935లో మొదలిడి 1939లో దీనిని ముగించిరి. దాని వెనుక నిలిచిన జలాశయము పొడవు సుమారు 75 మైళ్లు. గంటర్స్‌విల్ పట్టణమునకు మూడు వైపుల నీరే. ఆ నీటి చుట్టును అడవులతో నిండిన కొండలు. శీతకాలమున తెల్లతల గ్రద్దలు వచ్చి యొడ్డుననున్న చెట్లపై వ్రాలును.

ఈ నీటికి పేరు తెచ్చినది లార్జ్‌మౌత్ బాస్ అను చేప. పెద్దనోటి చేప యని ఆ పేరునకర్థము. నోరు మూసినపుడు దాని పైదవడ కంటికి వెనుకదాక సాగియుండును. ఒడలు ఆకుపచ్చన, ప్రక్కల నల్లని చార. చిన్న చేపలను, కప్పలను, క్రేఫిష్ అను రొయ్యవంటి జీవిని ఇది మ్రింగును. 1976, 2014, 2020 సంవత్సరములలో బాస్‌మాస్టర్ క్లాసిక్ అను ప్రసిద్ధమైన గాలపు పోటీ యిచ్చటనే జరిగినది.

ఈ చేపను పట్టుటకు వాడు గాలములలో జిగ్ అనునది ముఖ్యమైనది. కొక్కెము తలకడ సీసమును పోతపోసి గుండుగా చేయుదురు. దాని చుట్టును సన్నని రబ్బరు పోగులను కుచ్చుగా కట్టుదురు. ఆ కుచ్చును వారు పావడా యనియే పిలుతురు! అడుగున నిలిచినపుడది క్రేఫిష్ పంజాలెత్తినట్లు కనబడును. జిగ్ నీటిలో దిగుచున్నపుడే చేప తరచుగా దానినందుకొనును. కావున వేటగాని చూపు దారము మీదనే యుండవలెను. సీసమును మ్రింగిన నీటిపక్షులు విషమెక్కి చచ్చుచుండుటచే పలువురిప్పుడు టంగ్‌స్టన్ గుండ్లను వాడుచున్నారు.

గాలమొకటే యైనను ఋతువును బట్టి దానిని వేయు తీరు మారును. వేసవిలో పైనీరు కాగినపుడు కొన్ని చేపలు నీటమునిగిన పాత నది గట్లవెంట లోతునకు దిగును. కొన్ని నీటిపై చాపలవలె నల్లుకొన్న హైడ్రిల్లా, మిల్‌ఫాయిల్ మొక్కల నీడను చేరును. ఆ చాపను చీల్చుకొని దిగుటకు బరువైన జిగ్ కావలెను. శరత్కాలమున షాడ్ అను చిన్న చేపలు మందలుగా వాగులలోనికి వచ్చును, బాస్ వానిని వెన్నాడును. అప్పుడు తేలికైన జిగ్గును అడుగు తాకనీయక నడినీట నడిపింతురు. శీతకాలమున చేప యొడలు నీటితోపాటు చల్లబడును, తిన్నది మెల్లగా జీర్ణమగును. వంతెనల కడ, రాతికట్టల కడ జిగ్గును కదలీ కదలనట్లు జరుపుచు వేచియుండవలెను. ఆ ఋతువున ఓర్పే ఎర.

ఇక వసంతము. నీటి వేడిమి 60 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటగా మగచేప లోతులేని చోటు చూచుకొని, తోకతో అడుగును ఊడ్చి గుండ్రని గూడు చేయును. ఆడుచేప వచ్చి వేలకొలది గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. పిమ్మట కాపుదల యంతయు తండ్రిదే. రేయింబవళ్లు గూటిని విడువక, తిండి చాల తగ్గించుకొని, రెక్కలతో నీటిని విసరుచు గ్రుడ్లను కాపాడును. పిల్లలు పుట్టిన తరువాతను ఆ గుంపు వెంటనే కొన్నాళ్లు తిరుగును. చేపపిల్లకు ఈత నేర్పవలెనా యని మనవారందురు. ఈత నేర్పనక్కరలేదు గాని, కాచువాడు మాత్రము కావలెను. మన కొరమీను సైతము పిల్లల గుంపును విడువక కాచునని చెరువుల కడ నివసించువారెరుగుదురు.

అట్టి తండ్రి యెదుట జిగ్ వేసినచో దానిని నోట కరచును. అది ఆకలిచేత గాదు, గూటిలో జొరబడిన శత్రువును తరిమివేయుటకు. కావున వసంతమున వానిని పట్టుట మిక్కిలి సులభము. కాని యది గాలమునకు తగిలి పైకి పోయినంతనే, పొంచియున్న బ్లూగిల్ చేపలు గూటిపై బడి గ్రుడ్లను తినివేయును. తూకమునకై మైళ్ల దూరము కొనిపోయి అచ్చట విడిచినచో, చేప బ్రదికినను సంసారము నిలువదు. ఒక గూడు చెడినంతమాత్రమున ఇంత జలాశయము శూన్యము కాదు, నిజమే. అయినను గూటి మీది చేప జోలికి పోరాదని నియమము పెట్టుకొన్నవారు వేటగాండ్రలోనే కలరు. ఉత్తరపు రాష్ట్రములు కొన్నింట ఆ కాలమున పట్టిన బాస్‌ను ఉంచుకొనుటకే నిషేధము కలదు.

సోదరీమణులారా, పురిటింటి గడప కడ చప్పుడు చేయరాదని మనకు పెద్దలు నేర్పిరి. ఆ మర్యాద నీటి యడుగునను చెల్లును. గాలము వేయు నేర్పు మూడు ఋతువులలో తెలియును; వేయక యూరకుండు నేర్పు వసంతమున తెలియును.