ఉదయం డాఖావ్, సాయంత్రం బీరు

మ్యూనిక్‌లో లోకల్ ట్రైనెక్కితే డాఖావ్‌కి అరగంట కూడా పట్టలేదు.

1933 మార్చిలో నాజీలు తెరిచిన కాన్సంట్రేషన్ క్యాంపు. రెండు లక్షల మందికి పైగా ఖైదీలు. కనీసం 41,500 మంది ప్రాణాలు అక్కడే పోయాయి.

కంకర మీద నా అడుగుల చప్పుడే నాకు పెద్దగా వినిపించింది...

సాయంత్రం మళ్ళీ మ్యూనిక్‌లో, హోఫ్‌బ్రాయ్‌హౌస్ బీరుశాల. ఒకే బల్ల చుట్టూ ముక్కూ మొహం తెలీనివాళ్ళం. లీటరు గ్లాసు, రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. పక్కన పెద్దాయన కళ్ళలోకి చూసి ‘ప్రోస్ట్’ (చీర్స్) అన్నాడు.

1920 ఫిబ్రవరిలో హిట్లర్ తన పార్టీ ప్రణాళిక చదివింది ఈ భవనంలోనే, పై హాల్లో. అప్పుడూ బల్లల మీద ఇలాగే బీరు ఉండుంటుంది కదా!

నురగ దిగిపోయేదాకా అలాగే కూర్చుండిపోయా.

పెద్దాయన తన ప్రెట్జెల్ తుంచి సగం నా ముందు పెట్టాడు. తిన్నాను. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

మీరెవరైనా వెళ్ళారా డాఖావ్‌కి? ఆ సాయంత్రం ఏం చేశారు?