కొలిచి కొన్న తెర

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. వారు నేడు ఉండి ఉంటే "మానిటరు కొని చూడు" అనే మూడవ మాటను కూడా చేర్చేవారేమో! మూడు దశాబ్దాలుగా ఉక్కు కట్టడాల డ్రాయింగులతో కుస్తీ పడుతున్న మాకు, ఇంటికి ఒక కంప్యూటరు తెరను ఎంచుకొనడానికి మూడు వారాలు పట్టింది. ఆ అనుభవాన్ని సహోద్యోగులైన సోదర సోదరీమణులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకొనాలనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా స్వస్థలం ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు ఎందరో పొట్ట చేత పట్టుకొని వచ్చి ఈ ఊరిలో స్థిరపడ్డారు. మా నాన్నగారు ఆ వర్క్‌షాపులోనే బోగీల మరమ్మతు విభాగంలో వడ్రంగిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మేము చాలా కాలం విశాఖలో పనిచేసి, రెండేళ్ల క్రిందట సంస్థ ప్రాజెక్టు పనిమీద బదిలీపై మళ్లీ పుట్టిన ఊరు చేరాము. మాలంచా రోడ్డు వైపున్న ఇంటిలో నాన్నగారు, మా శ్రీమతి, ఇంటి నుండే ఉద్యోగం చేసే మా అబ్బాయి, మేము – వెరసి నలుగురం.

కథకు మూలం మా పొరపాటే. ఒక రాత్రి పొద్దుపోయాక, ల్యాప్‌టాప్‌ చిన్న తెరమీద ఒక డ్రాయింగును సరిచూచి సంతకం చేశాము. బోల్టు రంధ్రం వ్యాసం 26 అని ఉండవలసిన చోట 28 అని ఉంది. మా కంటికి అది 26గానే కనిపించింది. మరునాడు సైటులో ఉన్న కుర్ర ఇంజనీరు డ్రిల్లింగు మొదలుకాకముందే ఫోను చేసి, "సార్, ఈ ఒక్క రంధ్రం మిగిలినవాటికి కలవడం లేదు, ఒకసారి చూస్తారా?" అని వినయంగా అడిగాడు. నష్టం తప్పింది కాని, ఆ రోజంతా మాకు అన్నం సహించలేదు. పదవీ విరమణకు ఇంకా కొన్నేళ్లు ఉండగానే సంతకంమీద నమ్మకం పోతే ఇక మిగిలేదేమిటి?

విషయం విన్న మా అబ్బాయి, "నాన్నా, పెద్ద మానిటరు కొందాం. సగం డబ్బు నేనిస్తాను. పగలు మీ పనికి, రాత్రి నా ఆటలకు" అన్నాడు. ఆటల మాట వినగానే మాకు కోపం వచ్చింది. "కన్ను పోతుందని మేము ఏడుస్తుంటే నీకు ఆటలా?" అన్నాము. వాడు మారుమాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. మధ్యవర్తిత్వం వహించిన మా శ్రీమతి, "ఏమండీ, వాడు సగం ఇస్తానన్నది మీ కళ్ల కోసమే కదా" అన్న తరువాత గాని మాకు తెలివి రాలేదు. ఇద్దరికీ కలిపి 20,000 రూపాయలు హద్దుగా నిర్ణయించుకున్నాము.

ఇక అసలు విషయానికి వద్దాము. మానిటరు పెట్టెమీద ముందుగా కంటపడే అంకె కొలత. అది మూల నుండి మూలకు అంగుళాలలో చెప్పేది. 24 అంగుళాల తెరకంటె 27 అంగుళాల తెర వైశాల్యం సుమారు 27 శాతం ఎక్కువ; 32 అంగుళాలదైతే 78 శాతం ఎక్కువ. పెద్దదే మంచిదని మేమూ అనుకున్నాము. కాని, ఎనభై దాటిన నాన్నగారు పడక్కుర్చీలో నుండే మా లెక్కలు విని, "బల్ల చెయ్యకముందు అట్టతో అచ్చు కోసి చూసుకోవాలి నాయనా. చెక్క కోసేశాక ఏడిస్తే అతుక్కోదు" అన్నారు. వెంటనే అటకమీది అట్టపెట్టెలు దించి రెండు అచ్చులు కోశాము. 27 అంగుళాల తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. 32 అంగుళాలది 71. మా బల్ల లోతు రెండడుగులే. కంటికి, తెరకు మధ్య 65 సెంటీమీటర్లకు మించి దూరం రాదు. పెద్ద అచ్చు ముందు కూర్చుంటే ఈ అంచు నుండి ఆ అంచుకు మెడ తిప్పవలసి వచ్చింది. ఖర్చులేని ఈ పరీక్షతో 32 అంగుళాల ఆశ అక్కడే తీరిపోయింది.

రెండవ అంకె చుక్కల సంఖ్య, అనగా పిక్సెళ్లు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడిన 14 అంగుళాల బరువైన తెరమీద అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలుండేవి. నేడు 2560, 1440 చుక్కల తెరలో సరిగ్గా దానికి 12 రెట్లున్నాయి. అయితే చుక్కల సంఖ్య ఒక్కటే చాలదు, ఒక్కొక్క చుక్క ఎంత ఉన్నదో చూడాలి. మామూలు చూపుగల కన్ను ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు కోణాన్ని గుర్తిస్తుందని అంచనా. 65 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 0.19 మిల్లీమీటర్లు. 27 అంగుళాల తెరమీద 1920, 1080 చుక్కలే ఉంటే ఒక్కొక్కటి 0.31 మిల్లీమీటర్లు, అక్షరం గరుకుగా కనిపిస్తుంది. 2560, 1440 అయితే 0.23. దానికి పైది 3840, 2160 చుక్కలది. అందులో 0.16 మాత్రమే, మా కన్ను అందుకోలేని సూక్ష్మత. పైగా ఆటలాడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు మీద రెండుంబావు రెట్లు భారం పడుతుంది. కనుక మధ్యదే మాకు తగినదని తేలింది.

మూడవది వేగం. తెర క్షణానికి ఎన్నిసార్లు బొమ్మను మార్చి చూపుతుందో దానిని హెర్ట్జ్‌లలో చెబుతారు. 60 హెర్ట్జ్ తెర ఒక బొమ్మను సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలుపుతుంది. 144 హెర్ట్జ్ తెర 6.9 మాత్రమే. ఇది కేవలం ఆటగాళ్ల మోజు అని మా అభిప్రాయం.

ఇన్ని లెక్కలతో, పెన్‌డ్రైవులో ఆ పాత డ్రాయింగునే వేసుకొని, మా అబ్బాయితో కలిసి గోల్‌బజార్‌లోని ఒక దుకాణానికి వెళ్లాము. దుకాణదారు బెంగాలీ, అయినా తెలుగులోనే బేరం మొదలుపెట్టాడు. మా ఊరిలో ఇది వింత కాదు. "దాదా, ఇది తీసుకోండి, 32 అంగుళాలు, ధర కూడా తక్కువ" అంటూ 1920, 1080 చుక్కల తెర చూపించాడు. డ్రాయింగు తెరిపించాము. చేతి దూరంలో కూర్చుంటే 26కు, 28కి మధ్య మళ్లీ అదే సందిగ్ధం. ప్రక్కనే ఉన్న 27 అంగుళాల తెరమీద అదే డ్రాయింగు తెరవగా ఆ 28 స్పష్టంగా మమ్మల్నే చూస్తున్నట్లు తోచింది.

అప్పుడు మా అబ్బాయి డ్రాయింగును మౌసుతో ప్రక్కకు జరుపుతూ, 60 హెర్ట్జ్‌లో ఒకసారి, 144లో ఒకసారి చూపించాడు. మొదటిదానిలో కదిలేటప్పుడు అంకెలు అలుక్కుపోయాయి. రెండవదానిలో కదులుతూనే చదవడానికి వీలైంది. వాడి ఆటకు కావలసినదే మా పనికీ కావలసి వచ్చింది! ఆ సంగతి పైకి ఒప్పుకొనడానికి మాకు ఇంటికి చేరేదాకా పట్టింది.

మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ముందుకు వచ్చేదాకా ప్రపంచంలో అదే పొడవైనదని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్లం. కాని, బండి అందుకోవలసినవాడికి కావలసినది ప్లాట్‌ఫారం పొడవు కాదు, తన బోగీ ఆగే చోటు. పెట్టెమీది అంకెలన్నీ అటువంటివే.

కొనదలచినవారికి మరికొన్ని మాటలు. రంగులు ప్రక్కనుండి చూసినా మారకుండా ఉండాలంటే ఐ.పి.ఎస్. రకం మేలు. వి.ఎ. రకంలో నలుపు చిక్కగా ఉంటుంది కాని, చీకటి దృశ్యాలు వేగంగా కదిలితే మరకలు లాగినట్లు కనిపించవచ్చు. స్టాండు ఎత్తు మార్చుకునేదై ఉండాలి. మాబోటి రెండు చూపుల కళ్లద్దాలవారికి ఇది మరీ ముఖ్యం. తెర ఎత్తుగా ఉంటే క్రింది అద్దంలోనుండి చూడడానికి తల వెనక్కు వాల్చి మెడనొప్పి తెచ్చుకొంటాము. దుకాణంలోనే తెల్లని, నల్లని తెరలు వేయించి చచ్చిన చుక్కలున్నాయేమో చూడండి. పన్ను సంగతి: 2019 జనవరి నుండి 32 అంగుళాల వరకు 18 శాతం, అంతకు పెద్దవాటికి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుండి అవి కూడా 18 శాతంలోకి వచ్చాయి. కాలవైశాఖి గాలివానలకు కరెంటు పోయివచ్చే మా ఊరివంటి చోట యు.పి.ఎస్. ఖర్చును కూడా ముందే కలుపుకొనాలి.

మా పప్పులో కాలు కూడా చెప్పాలి. ఇంటికి తెచ్చి మా పాత ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే వేగం 60 దగ్గరే ఆగిపోయింది. మానిటరు చెడ్డదని రుసరుసలాడాము. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లోని పాత హెచ్.డి.ఎం.ఐ. పోర్టుకే అంత శక్తి లేదు. అబ్బాయి కంప్యూటరుకు డిస్‌ప్లేపోర్టు తీగతో కలపగానే 144 వచ్చింది. కొనేముందు తెరనే కాదు, ఇంట్లో ఉన్న యంత్రాన్ని కూడా చూసుకొనాలన్నమాట.

ఇప్పుడు రాత్రి ఎనిమిది దాకా తెర మాది, తరువాత అబ్బాయిది. ఒకనాడు ప్రక్కన కూర్చొని చూశాము. వాడితో ఆడేవారు ఈ ఊరి బడిలో కలిసి చదివిన స్నేహితులే; ఒకడు బెంగుళూరులో, ఒకడు పూణేలో, ఇంకొకడు కలకత్తాలో ఉన్నారు. తెలుగు, బెంగాలీ, హిందీ కలగలిపి మాట్లాడుకుంటూ నవ్వుకుంటున్నారు. మేము ఆటనే చూశాము గాని, ఆ నవ్వు మాకు ఇంతకాలం వినపడలేదు.

ఉదయం వేళల్లో తెర నాన్నగారిది. తెలుగు దినపత్రిక తెరిచి అక్షరాలు పెద్దవి చేసి పెడతాము. శుక్లాల శస్త్రచికిత్స తరువాత మానేసిన పత్రికా పఠనాన్ని మళ్లీ మొదలుపెట్టారు. మొన్న మమ్మల్ని పిలిచి, "ఒరేయ్, గుడికి, గుడిదీర్ఘానికి తేడా తెలుస్తోందిరా" అన్నారు. తరువాత తన పాత స్టీలు స్కేలు తెప్పించి తెర వెడల్పు కొలిచారు.

"అచ్చుకు సరిపోయింది" అని స్కేలు తిరిగి ఇచ్చారు.