పొద్దున ముఖం ఉబ్బితే

మా ఆయన షోలాపూర్‌ల టవళ్ల కార్ఖానాల ముప్పై ఏండ్లు సాంచెలు నడిపిండు. ఒక ఏడాది పొద్దున లేవంగనే ఆయన ముఖం నిండుగ కనిపించేది. వాడకట్టోళ్లు చూసి “కోడలి చేతి బువ్వ పడ్డది, ఒళ్లు చేసిండు” అన్నరు. నేను గూడ సంబరపడ్డ. నడుము నొప్పికి ఆయన రోజూ దుకాణంల గోలీ కొనుక్కొని మింగేటోడు. ఏండ్ల తరబడి అట్ల మింగితే కిడ్నీలకు దెబ్బ అని మాకు తెల్వదు. కాలి మీద వేలుతో ఒత్తితే గుంట పడేదాకా దవాఖానకు పోలే. పోయేసరికి రెండు కిడ్నీలూ చెడిపోయి ఉండె. రెండేండ్లు డయాలసిస్ చేయించినం. ఆ తర్వాత ఆయన పోయిండు.

అందుకే నిరుడు చలికాలం అద్దంల నా కండ్ల కింద ఉబ్బు చూసుకున్నప్పుడు నాకు కాళ్లు చేతులు ఆడలేదు. కొడుక్కు గూడ చెప్పలే. నాలుగు రోజులు చూసి, మనుమరాలిని వెంట పెట్టుకొని సర్కారు దవాఖానకు పోయిన. బీపీ చూసిన్రు. మూత్రం, రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేసిన్రు. దేవుని దయ, అన్నీ బాగనే ఉన్నయి.

“మరి ఈ ఉబ్బు ఎందుకమ్మా?” అని అడిగిన.

“రాత్రి ఏం తింటవు పెద్దమ్మా?” అన్నది డాక్టరమ్మ.

ఏమున్నది, జొన్నరొట్టె, శేంగ చట్నీ, మామిడికాయ తొక్కు, రెండు అప్పడాలు. టీవీ చూసుకుంట పిడికెడు చివడా. ఆమె నవ్వింది. “ఉప్పు ఉన్నకాడ నీరు నిలుస్తది. రాత్రంతా పండుకుంటే ఆ నీరు ముఖంల చేరుతది” అన్నది. తొక్కు, అప్పడం అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా ఉప్పు దాటొద్దన్నది.

ఇంకో సంగతి గూడ చెప్పింది. ఒంట్లో నెత్తురు కాక శోషరసం అని ఒక నీరు పారుతదంట. డాక్టర్లు లింఫ్ అంటరు. నెత్తురును గుండె తోస్తది. దీనికి అట్లాంటి పంపు లేదు. మనం కదిలితే, నిండుగ ఊపిరి తీస్తే అది కదులుతది. ముఖంలది మెడ మీదుగ దిగి, కాలర్ ఎముక కాడ నెత్తురుల కలుస్తది. మోరీ సంగతి మనకు తెలిసిందే. ముందు మోరీ నోరు తీయాలె, ఆ తర్వాతనే నీళ్లు ఊడ్వాలె. ఇది గూడ అంతే.

పొద్దున కూచొని ఐదుసార్లు నిండుగ ఊపిరి తీస్త. కాలర్ ఎముక పైన గుంటల్లో వేళ్లతో మెల్లగ పదిసార్లు ఒత్తి వదుల్త. తర్వాత మెడ పక్కల పైనుంచి కిందికి. ఆఖరుకు కండ్ల కిందనుంచి చెవుల దిక్కు, అక్కడినుంచి మెడ కిందికి. నేను గిర్నీల వైండింగ్ ఖాతాల పనిచేసిన. నూలు పోగు తెగకుండ పట్టుకున్నంత మెత్తగ ఉండాలె చెయ్యి. గట్టిగ రుద్దొద్దు. జ్వరం, పుండ్లు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, నెత్తురు గడ్డకట్టే జబ్బు, క్యాన్సర్ ఉన్నోళ్లు డాక్టరును అడగకుండ చేయొద్దు.

రాత్రి తొక్కు, చివడా బంద్ చేసిన. తలకింద ఇంకో దిండు పెట్టిన. పొద్దున అరగంట నడుస్తున్న. పదిహేను రోజుల్ల తేడా కనిపించింది. చేత్తో నిమిరితే ఆ పూటకే ఉబ్బు దిగుతది. మళ్ల రాకుండ ఆపేది ఉప్పు తగ్గించుడే.

మధ్యాహ్నానికి గూడ ఉబ్బు దిగకుంటే, కాళ్లు వాస్తే, మూత్రం నురుగు వస్తే, ఆయాసం ఉంటే మాత్రం నిమురుకుంట కూచోకున్రి. దవాఖానకు పోన్రి.

ఇప్పుడు వాడకట్టుల ఎవరి ముఖం నిండుగ కనిపించినా “ఒళ్లు చేసినవు” అనను. “మూత్రం పరీక్ష చేయించుకున్నవా?” అని అడుగుత. కొందరికి కోపం వస్తది. రానీయిన్రి.