ఉక్కు ఉంగరము



గడచిన నెలలో ఒక బుధవారపు రాత్రి మా సంఘములో ప్రార్థన కూడిక జరిగినది. ఈ కాలమున యుద్ధపు మాట లేని వార్తలు లేవు గదా. ఆ రాత్రియు దానిని గూర్చియే ప్రార్థనలు సాగినవి. మా సంఘ పెద్ద ఒకాయన, డెబ్బది యేండ్ల రైతు, మోకరించి కన్నీళ్లతో ప్రార్థించెను. ప్రక్క దేశము మీదపడిన దేశముతో లోకమంతయు అమ్మకము కొనుగోలు మానివేయవలెననియు, వారి ఇండ్లలో రొట్టె లేకుండ పోవలెననియు, అప్పుడు గాని వారికి బుద్ధి రాదనియు వేడుకొనెను. అందరును ఆమెన్ అనిరి. నేనును అంటిని. గట్టిగానే అంటిని.

ఇంటికి వచ్చి పండుకొంటిని గాని నిద్ర పట్టలేదు. ఆ చీకటిలో మా అమ్మమ్మ చెయ్యి జ్ఞాపకమునకు వచ్చినది.

మా అమ్మమ్మకు ఉంగరపు వేలు బోసిగా నుండెడిది. 1962లో చైనా సైన్యము మన సరిహద్దు దాటి వచ్చినప్పుడు, జాతీయ రక్షణ నిధికి బంగారమిమ్మని ప్రభుత్వమువారు అడిగిరి. అమ్మమ్మ తన పెండ్లి ఉంగరము తీసి ఇచ్చివేసెనట. తాతగారు మరల చేయించెదనన్నను ఒప్పుకొనలేదట. నేను పుట్టకమునుపటి సంగతి ఇది. అయినను చిన్నతనమున ఆ బోసి వేలు పట్టుకొని నడచుట నాకెంతో గర్వముగా నుండెడిది.

తరువాత వేదాంత పాఠశాలలో చదువుకొను దినములలో ఒక ఉపాధ్యాయుడు మాకొక చరిత్ర పుస్తకము చూపించెను. అందులోని ఒక బొమ్మలో నల్లని వస్త్రములు ధరించిన స్త్రీలు బారులు తీరి ఒక పొగలుగ్రక్కు పాత్రలో తమ ఉంగరములు వేయుచున్నారు. వారిలో ఒక ముసలామె నాకు అచ్చముగా మా అమ్మమ్మవలె కనబడినది. ఇది ఏ దేశము, ఏ యుద్ధమని అడిగితిని. ఆయన చెప్పినదియు, అటుపిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు మీకు చెప్పెదను.

1935 అక్టోబరు 3న ఇటలీ దేశపు సేనలు అబిసీనియా, అనగా ఇతియోపియా మీదికి దండెత్తినవి. ఇటలీని ఏలుచున్నవాడు ముస్సోలినీ. ఇతియోపియా నాలుగవ శతాబ్దము నుండి క్రైస్తవ రాజుల నెరిగిన దేశము; మన అమరావతిలో బౌద్ధ స్తూపమునకు ఇంకను పూజలు జరుగుచుండిన నాటికే అచ్చట గుళ్లు వెలసినవి. అట్టి దేశము మీద మరియొక క్రైస్తవ దేశము విమానములనుండి విషపు ఆవిరి చల్లించినది. చెప్పులు లేని సైనికుల కాళ్లు, పశువులు మేయు గడ్డి, త్రాగు నీరు, అన్నియు ఆ విషముతో కాలినవి.

అప్పటి నానాజాతి సమితి జెనీవాలో కూడి ఇటలీదే తప్పని తీర్మానించినది. యాభై దేశములకు పైగా ఆంక్షలకు ఒప్పుకొన్నవి. ఆంగ్లేయుల పాలనలో నుండిన మన దేశము కూడ వాటిలో నుండెను. 1935 నవంబరు 18న ఆంక్షలు అమలులోనికి వచ్చినవి. ఇటలీకి ఆయుధములు అమ్మరాదు, అప్పులీయరాదు, ఇటలీ సరుకు కొనరాదు. నాలుగవది ఇటలీకి అమ్మకూడని సరుకుల పట్టిక. ఈ పట్టిక చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది, వెంటనే దుఃఖమును వచ్చినది. రబ్బరు, తగరము, నికెలు అమ్మరాదు. గాడిదలు, కంచర గాడిదలు, ఒంటెలు అమ్మరాదు. అల్యూమినియము అమ్మరాదు, అది ఇటలీకి తన సొంతమే కావలసినంత యున్నది. కాని చమురు? ఆ పట్టికలో లేదు. బొగ్గును లేదు, ఉక్కును లేదు. ఇటలీ సైనికులను మోసికొని పోవు ఓడలు సూయెజు కాలువ గుండ సుంకము చెల్లించి దాటిపోవుచునే యుండెను. చమురు ఆపినయెడల ముస్సోలినీ తమ మీదనే యుద్ధమునకు వచ్చునని ఇంగ్లండు, ఫ్రాన్సు ప్రభువులు జంకిరి. సమితిలో లేని అమెరికా వర్తకులు మునుపటికంటె ఎక్కువ చమురు అమ్ముకొనిరి. సమితిలోనే యున్న రష్యా, రుమేనియాలును అమ్మినవి.

చూచితిరా? దండెత్తిన విమానములకు నూనె తగ్గలేదు. మరి దేనికి తగ్గినది? సామాన్యుని వంటయింటికి. వారములో కొన్ని దినములు మాంసము అమ్మరాదని ఆజ్ఞ పుట్టినది. కాఫీ బదులు చికోరీ, వేయించిన బార్లీ కాచుకొనిరి. తేయాకు బదులు కర్కదే అను ఎర్రని నీరు త్రాగుడని ప్రభుత్వము బోధించినది. అది మరేమియు కాదు, మన ఎర్ర గోంగూర జాతి మొక్క కాయల మీది ఎర్రని రేకులను ఎండబెట్టి కాచినదే. ఉన్ని కరవైనందున పాల విరుగుడు నుండి నూలు తీసి బట్టలు నేసిరి.

ఈ కష్టమునకు జనులు ఎవరిని తిట్టిరని మీరనుకొందురు? ముస్సోలినీని కాదు. జెనీవాను తిట్టిరి. తమ పిల్లల పాత్రలో నుండి రొట్టె లాగుకొనునది పరదేశీయులే గాని తమ యేలిక కాడని వారికి పత్రికలును రేడియోయు దినదినము చెప్పినవి. ప్రతి ఊరి పురపాలక భవనము గోడ మీదను చలువరాతి పలక నాటించి, ఇటలీని అన్యాయముగా ముట్టడించిన దినమని నవంబరు 18ని చెక్కించిరి. అంతకు ముందు ముస్సోలినీ యన్న గిట్టనివారు కూడ ఆ శీతకాలమున అతని ప్రక్కన నిలిచిరి. నోబెల్ బహుమానము పొందిన పిరాండెల్లో తన బంగారు పతకము ఇచ్చివేసెను. ముస్సోలినీకి ఎదురు నిలిచిన తత్త్వవేత్త క్రోచే సయితము తన సెనేటు పతకము ఇచ్చెను.

ఆ తరువాత ఉంగరములు. 1935 డిసెంబరు 18న రోమాలో, పేరు తెలియని సైనికుని సమాధి యొద్ద, రాణి ఎలీనా మొట్టమొదట తన పెండ్లి ఉంగరమును రాజుగారి దానిని వేసెను. ఆమె వెనుక లక్షలాది స్త్రీలు. ఒక్క రోమాలోనే రెండున్నర లక్షల వరకు వచ్చెనందురు. ఇచ్చిన ప్రతివారికి బదులుగా ఒక ఉక్కు ఉంగరము. ఇటలీ భాషలో విశ్వాసమునకును పెండ్లి ఉంగరమునకును ఒక్కటే మాట, ఫేదె. ఆ దినమునకు ఆ పేరే పెట్టిరి. పురోహితులు ఉక్కు ఉంగరములను ఆశీర్వదించిరి. బిషప్పులు కొందరు తమ రొమ్ముల మీది బంగారు సిలువలను తీసి ఇచ్చిరి.

సోదరుడా, సోదరీ, నేను ముప్పదియేండ్లుగా ఉంగరములను ఆశీర్వదించుచున్న మనిషిని. ఇచ్చట నేను పుస్తకము మూసివేసితిని. అమ్మమ్మ ఇచ్చినది వచ్చినవారిని ఆపుటకు; వీరు ఇచ్చినది పోయి పడుటకు. కాని ఇచ్చిన చేతులు ఒక్క తీరుననే యున్నవి. ఆ పురోహితుల స్థానములో నేనుండినయెడల ఏమి చేసియుందునని నన్ను నేను అడిగికొంటిని. నా సంఘములోని స్త్రీలు ఏడ్చుచు ఉంగరములు తెచ్చినయెడల, వద్దని చెప్పు ధైర్యము నాకుండెడిదా? చెప్పజాలను.

1936 మే 5న అద్దిస్ అబాబా పడిపోయినది. జూన్ 30న చక్రవర్తి హైలె సెలాసి జెనీవాకు వచ్చి మొరపెట్టుకొనగా ఇటలీ పత్రికలవారు ఈలలు వేసి అల్లరి చేసిరి. జూలై 15న ఆంక్షలు ఎత్తివేసిరి. మరుసటి సంవత్సరము మే నెలలో ఆ ఉంగరముల దేశపు సేనలు దెబ్రె లిబానోసు అను క్రైస్తవ మఠములో వందలకొలది సన్యాసులను కాల్చి చంపినవి.

ఇటలీ జనులకు ఆంక్షలు తీరినను కష్టము తీరలేదు. యుద్ధపు అప్పు ఇంటికి వచ్చినది. 1936 అక్టోబరులో లీరా విలువ నూటికి నలుబది వంతులు తగ్గించిరి; అనగా నూరున్నచోట అరువది మిగిలినది. ఇండ్లు భూములున్నవారు వాటి విలువలో నూటికి ఐదు వంతున ప్రభుత్వమునకు నిర్బంధముగా అప్పు ఇయ్యవలసి వచ్చినది. ధరలు పెరిగినవి. సమితి దేశములతో వర్తకము చెడిన ముస్సోలినీ, బొగ్గు కొరకు హిట్లరు వాకిటికి పోయెను. ఆ వాకిలి నుండి 1940 జూన్ 10న మరియొక యుద్ధములో దిగెను. 1941 అక్టోబరులో మనిషికి దినమునకు 200 గ్రాముల రొట్టె అని కట్టుదిట్టము చేసిరి, మరుసటి మార్చికి అది 150 అయినది. అప్పుడు జనులు ఆతని మీద హాస్యము లాడిరి. చిక్కిపోయిన నడుముకు బెల్టు బిగించుటకు పొడుచుకొన్న కొత్త రంధ్రమునకు ముస్సోలినీ పేరు పెట్టిరట. 1943లో ఆతడు పదవి నుండి పడిపోవునప్పటికి ఉంగరము లిచ్చిన తల్లులలో ఎందరికో బిడ్డలు లేరు.

ఈ కథయంతయు ఆ శుక్రవారము మా సంఘ పెద్దకు ఆయన వసారాలో కూర్చుండి చెప్పితిని. ఆయన చుట్ట ఆర్పి చాలసేపు ఊరకుండెను.

"అయ్యగారూ, ఆ చమురు కూడా ఆపేసి ఉంటే?" అని అడిగెను.

ముస్సోలినీయే తరువాత హిట్లరుతో, చమురు ఆపియుండినయెడల వారము దినములలో అబిసీనియా విడిచి రావలసినవాడనని చెప్పెనట. దుబాసీ వ్రాసిపెట్టిన మాట అది. అదే ఆయనకు చెప్పితిని.

"మరయితే నా ప్రార్థన తప్పు కాదండీ. సరిపోలేదు, అంతే."

నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఆయన మాటలో న్యాయమున్నది. బలవంతుడు బలహీనుని కొట్టుచుండగా చేతులు కట్టుకొని చూచుట ప్రేమ కాదు. "రొట్టె మాట మాత్రం వదిలిపెట్టు పెద్దాయనా," అంటిని. ఆయన తల ఊపెను.

మరుసటి బుధవారము ఆయన మరల మోకరించెను. ప్రక్క దేశపు పిల్లల కొరకు ప్రార్థించెను. తరువాత కొంచెము ఆగి, "వాళ్ల యుద్ధపు బండ్లకు చమురు లేకుండా చెయ్యి తండ్రీ, వాళ్ల పిల్లలకు రొట్టె మాత్రం ఉండనియ్యి" అనెను. అందరితో పాటు నేనును ఆమెన్ అంటిని, ఒక్క క్షణము ఆలస్యముగా.

ఇంటికి నడచి వచ్చునప్పుడు నా భార్య లాంతరు ఎత్తి పట్టుకొని, "ఏమండీ, చమురు లేకపోతే పురిటి మనిషిని ఆసుపత్రికి తీసికెళ్లే బండి కూడా కదలదు కదా," అనెను.

ఇల్లు చేరువరకు మేమిద్దరమును మరి మాటలాడలేదు.