అమ్మీ జఖం, లేజర్ ఇలాజ్, భాభీ కర్వట్

దుబాయ్ నుంచి భయ్యా వాట్సాప్‌ల ఒక వీడియో పంపిండు. మంచం పట్టినోళ్ల పుండు మీద ఎర్రటి లేజర్ కాంతి వేస్తున్నరు. "అమ్మీకి ఇది చేయించండి, పైసల ఫికర్ వద్దు" అని కింద రాసిండు.

అమ్మీకి లఖ్వా కొట్టి అప్పటికి నాలుగు నెలలు. ధర్మపురిల మా ఇంట్ల పడక మీదనే తయమ్ముం, ఇషారాతోనే నమాజు. వెన్ను చివరి ఎముక మీద రూపాయి బిళ్లంత ఎరుపు మొదలై, అరచేయంత జఖం అయింది. ఆ వాసనకు అమ్మీ శరం పడేది. చూడొచ్చినోళ్లను తలుపు దగ్గరనే నిలబెట్టమనేది.

ఈ లేజర్ కోసే లేజర్ కాదు. తక్కువ శక్తిది, వేడి కూడా తగలదు. 1967ల బుడాపెస్ట్ డాక్టర్ ఎండ్రె మెస్టర్ ఎలుకల వెంట్రుకలు గొరిగి, చర్మం మీద ఈ కాంతి వేసి చూసిండు. వెంట్రుకలు జల్ది మొలిచినయి. తర్వాత మానని పుండ్ల మీద కూడా వాడిండు. కణాల్లోని మైటోకాండ్రియా ఆ వెలుగును పీల్చుకొని ఎక్కువ తాఖత్ తయారు చేస్తయంటరు. బాత్ కొట్టేసేది కాదు. కానీ మంచం పుండ్ల మీద జరిగిన పరీక్షలన్నీ చిన్నవి. 2014ల కోక్రేన్ సమీక్ష వాటిని జమ చేసి చూసి, ఫాయిదా ఉన్నదని యఖీన్‌గా చెప్పలేమన్నది.

కరీంనగర్ల డాక్టర్ సాబ్ జఖం చూసి, "లేజర్ పెట్టొచ్చు. కానీ రాత్రి కర్వట్ ఎవరు మారుస్తున్నరు?" అని అడిగిండు. అందరం భాభీ దిక్కు చూసినం. ఆమె నేల దిక్కు చూసింది.

ఎముకకూ పరుపుకూ నడుమ చర్మం నలిగితే సన్నని నెత్తురు నాళాలు మూసుకుపోతయి. నెత్తురు అందని చోట ఏ వెలుగు ఏం చేస్తది? పైగా ఒక్కో సిట్టింగ్‌కు ధర్మపురి నుంచి కరీంనగర్ దాకా కార్ల వెల్లకిల పండబెట్టి తీసుకపోతే, పోనురాను ఆ జఖం మీదనే బరువు.

భయ్యా పంపిన పైసలతోటి గాలి నింపే ఆల్ఫా బెడ్ కొన్నం. రాత్రికి ఒక మనిషిని పెట్టినం. రెండు గంటలకొకసారి కర్వట్, మడమలు పరుపుకు తగలకుండ పిక్కల కింద మెత్త, రోజూ గుడ్లు, పప్పు, తడి అయినప్పుడల్లా పాక్ చేసి ఆరబెట్టుడు. నల్లగా చచ్చిన చర్మాన్ని డాక్టరే తీసిండు. జఖం మానడానికి మూడు నెలలు పట్టింది. భాభీ నాలుగు నెలలకు మొదటిసారి రాత్రంతా నిద్రపోయింది. ఫోన్ల భయ్యా ఆల్ఫా బెడ్ ధర అడిగిండు గానీ, ఆమె నిద్ర సంగతి అడగలే. మన ఇండ్లల్ల ఖిద్మత్ లెక్క గిట్లనే ఉంటది.

లేజర్‌కు నేను ఖిలాఫ్ కాదు. దగ్గర్ల ఉండి, పుండు చూసిన డాక్టరే చెప్తే, కర్వట్ ఆపకుండ చేయించండి.

మీ ఇంట్ల పెద్దోళ్లు మంచం మీద ఉంటే స్నానం చేయించేటప్పుడు నడుము, తుంటి, మడమలు చూడండి. ఎర్రటి మచ్చను వేలితో ఒత్తినప్పుడు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించదు, చేయి పెట్టి చూడండి. ఆ జాగ చుట్టుపక్కల కంటే వెచ్చగనో, గట్టిగనో తగులుతది.